పేటెంటు మందులు, మందుల కొట్లు: గోదావరి డెల్టా

వైద్యుడు చేయి పట్టి చూసే పని లేకుండా, ఒక పేరు పెట్టి, ఒక ముద్ర వేసి, సీసాలోనో డబ్బాలోనో కట్టి ఊరూరా అమ్మే తయారీ మందుకు పేటెంటు మందు అని పేరు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు, అమెరికాల్లో ఇది పెద్ద వ్యాపారంగా ఎదిగింది. ఆ శతాబ్దం చివరి పాతికేళ్లలో రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, నరసాపురం ప్రాంతాలకూ చేరింది. లండన్‌లో వీధి చివర ఫార్మసీ ముందు నుంచీ ఉంది, పేటెంటు మందు ఆ అరల్లోకి వచ్చి కూర్చుంది. డెల్టాలో క్రమం తిరగబడింది. సీసా ముందు వచ్చింది, మందుల కొట్టు తర్వాత వెలిసింది. ఆ నడుమ కాలంలో సీసాను ఊళ్లకు చేర్చినవి తపాలా, పచారీ కొట్టు. అంతవరకు వైద్యుడి హస్తవాసి మీద ఉన్న గురి మెల్లగా సీసా మీది బొమ్మకు, పేరుకు మళ్లింది. డెల్టాలో పేటెంటు మందుల చరిత్ర అంటే ప్రధానంగా ఈ మళ్లింపు చరిత్రే.

పేరు, పరిధి

పేటెంటు మందుల్లో చాలావాటికి అసలు పేటెంటు లేదు. ఇంగ్లండులో పదిహేడో శతాబ్దం చివర కొన్ని మందులకు రాజు పేరుతో పేటెంటు దక్కింది. ఆ తర్వాత పేటెంటు కావాలంటే యోగం, అంటే మందులోని దినుసుల కూర్పు, ఏమిటో బయటపెట్టాల్సి వచ్చింది. బయటపెడితే పక్కవాడు చేసుకుంటాడు. అందుకని వ్యాపారులు పేటెంటు వదిలేసి, యోగాన్ని రహస్యంగా ఉంచుకుని, పేరును, సీసా ఆకారాన్ని, చీటీ మీది సంతకాన్ని కాపాడుకోవడం మొదలుపెట్టారు. 1783 నుంచి 1941 దాకా ఇంగ్లండులో ఇలాంటి మందుల మీద స్టాంపు పన్ను ఉండేది. సీసా మూతి మీద ప్రభుత్వ స్టాంపు కనిపించేసరికి, మందును సర్కారు పరీక్షించి ముద్ర వేసిందని కొనేవాళ్లు అనుకునేవాళ్లు. అమ్మేవాళ్లకు ఆ అపోహ లాభసాటిగానే ఉండేది.

ఈ వ్యాసం పరిధిలో మూడు రకాల సరుకు ఉంది. ఓడ దిగి వచ్చిన విదేశీ సీసాలు, బొంబాయి, మద్రాసుల్లో తెలుగువారు చేసిన స్వదేశీ మందులు, డెల్టాలోనే తయారైన ఆయుర్వేద యోగాలు. వీటిని అమ్మిన కొట్టు, అందులో పనిచేసిన కాంపౌండరు కూడా ఇందులో భాగమే.

సీసాకు ముందు

తెలుగు వైద్యుడి చేతిలో బసవరాజీయం వంటి గ్రంథం, ఇంటి అరుగు మీద కల్వం, వెనక గదిలో భస్మాలు, గుళికలు ఉండేవి. నాడి చూసి మందు ఇవ్వడం, ఏ అనుపానంతో పుచ్చుకోవాలో చెప్పడం, పథ్యం కట్టుదిట్టం చేయడం, ఈ మూడూ కలిస్తేనే వైద్యం. మందు ఒక్కటే అయినా తేనెతో ఇస్తే ఒక రోగానికి, అల్లం రసంతో ఇస్తే మరో రోగానికి పనిచేస్తుందని నమ్మకం. వైద్యుడు లేకుండా మందుకు విలువ లేదు.

ముడి దినుసులు పచారీ కొట్టులో దొరికేవి. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, కరక్కాయ, తానికాయ, వాము, వసకొమ్ము, ఇంగువ పప్పూ ఉప్పూ అమ్మే చోటే పొట్లం కట్టేవారు. చంటిబిడ్డలకు వసకొమ్ము అరగదీసి ఉగ్గుగిన్నెతో పోయడం, కడుపు బిగిస్తే వాము నీళ్లు, నెలకోసారి ఆముదం వంటివి ఇంటి పెద్దల చేతిలో ఉన్న వైద్యం. మన్యం నుంచి కరక్కాయ, చిల్లగింజలు, ముష్టిగింజలు కిందికి దిగేవి. వీటిలో ముష్టిగింజల కథ ఆసక్తికరమైనది. 1818లో పెల్టియే, కావెంటూ అనే ఫ్రెంచి రసాయనవేత్తలు ఈ జాతి గింజల నుంచి స్ట్రిక్నిన్‌ను విడదీశారు. తర్వాత ఐరోపా ఫార్మసీ గ్రంథాల్లో ముష్టిగింజల రకాల్లో ఒకటి కాకినాడ రేవు పేరుతోనే నమోదైంది. ఇనుము, క్వినైన్, స్ట్రిక్నిన్ కలిపిన ఈస్టన్ సిరప్ వంటి బలం మందులు మళ్లీ సీసాల్లో ఇండియాకు వచ్చి అమ్ముడుపోయాయి. తూర్పు కనుమల గింజ సముద్రం దాటి, పేరు మార్చుకుని, ధర పెంచుకుని తిరిగి వచ్చిందన్నమాట.

డెల్టా జబ్బులు

1847 నుంచి 1852 వరకు ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. కాలువలతో డెల్టా వరి పొలమైంది. కరువు వెనక్కి తగ్గింది, చేతిలో డబ్బు ఆడింది. మరో పక్క, నిలవ నీరు పెరిగినచోట దోమకు చోటు దొరికింది. ఏజెన్సీ ప్రాంతపు చలిజ్వరం అంతకుముందే పేరు మోసింది. 1879 నాటి రంప ఫితూరీని అణచడానికి వెళ్లిన బలగాలను తుపాకుల కంటే జ్వరమే ఎక్కువ పీడించింది. పల్లపు ఊళ్లలో బోదకాలు, తీర్థాల్లో, తిరునాళ్లలో కలరా, పంట కాలువ నీళ్లు తాగేచోట విరేచనాలు మామూలే. మలేరియా దోమ వల్ల వస్తుందని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనిపెట్టింది 1897లో. అంతవరకు చెడుగాలే జ్వరానికి కారణమని దొరల్లోనూ చాలామంది నమ్మారు.

మద్రాసు రాజధానిలో నల్లమందు వాడకం ఎక్కువగా ఉన్న జిల్లాలు గోదావరి, విశాఖపట్నం. జ్వరం దరి చేరకుండా కాపాడుతుందన్న నమ్మకమే అందుకు ముఖ్య కారణం. 1893 నుంచి 1895 వరకు పనిచేసిన రాయల్ ఓపియం కమిషన్ విచారణలోనూ ఈ వాదన పదేపదే వినిపించింది. ఇదే కాలంలో ఇంగ్లండులో ఫెన్స్ అనే చిత్తడి ప్రాంతంలోనూ చలిజ్వరం ఎక్కువ, నల్లమందు వాడకమూ ఎక్కువ. అక్కడి రైతుకూలీ గసగసాల కాయల కషాయం తాగేవాడు, ఇక్కడివాడు నల్లమందు ఉండ మింగేవాడు. చిత్తడి నేల, జ్వరం, నల్లమందు, ఈ మూడూ కలిసిన చోట సీసా మందుకు దారి సుళువైంది. ఆనాటి పేరున్న మందుల్లో చాలావాటికి ఆధారం నల్లమందే.

కాలువ, రైలు, తపాలా

డెల్టా కాలువలు పొలాలకు నీళ్లతోపాటు ఊళ్లకు సరుకులూ చేర్చాయి. కాకినాడ నుంచి రాజమండ్రి, ఏలూరు మీదుగా కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా పడవలో పోవచ్చు. 1890ల్లో ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం డెల్టా గుండా సాగింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన తెరుచుకున్నాక మద్రాసు, కలకత్తాల నడుమ బండి దిగకుండా ప్రయాణం కుదిరింది.

మందుల వ్యాపారానికి రైలు కంటే ఎక్కువ మేలు చేసింది తపాలా. 1877లో మన తపాలా శాఖ వి.పి.పి. పద్ధతి ప్రవేశపెట్టింది. ముందుగా డబ్బు పంపనక్కర్లేదు, పార్సెలు ఇంటికి వచ్చాక సొమ్ము చెల్లించి విడిపించుకోవచ్చు. పట్నంలో ఉన్న తయారీదారుకు, అమలాపురం దగ్గర లంక ఊళ్లో ఉన్న కొనుగోలుదారుకు మధ్య దుకాణం అవసరం లేకుండా పోయింది. సిగ్గుపడి వైద్యుడితో చెప్పుకోలేని జబ్బులవాళ్లకు, గడప దాటని ఆడవాళ్లకు ఈ సౌకర్యం మరీ కలిసివచ్చింది. స్త్రీల రోగాలు, నరాల నిస్సత్తువ, సంతానలేమి వంటివాటి మందులు తపాలా వ్యాపారంలో ఎప్పుడూ ముందు వరసలో ఉన్నాయి.

ప్రభుత్వమూ తపాలానే నమ్ముకుంది. నీలగిరుల్లో 1860ల నుంచి సింకోనా తోటలు వేశారు. ఆ చెట్టు బెరడు నుంచి తీసే క్వినైన్‌ను చిన్న పొట్లాలుగా కట్టి తపాలా కార్యాలయాల్లో చౌకగా అమ్మే పద్ధతి 1892లో బెంగాలులో మొదలై ఇతర రాష్ట్రాలకూ వ్యాపించింది. ముద్ర వేసి, మోతాదు రాసి, ఊరూరా ఒకే ధరకు అమ్మిన ఈ పొట్లం లక్షణాల్లో పేటెంటు మందే. తేడా ఒక్కటి, లోపల ఏముందో అందరికీ తెలుసు.

ఓడ దిగిన సీసాలు

విదేశీ మందుల్లో ఇండియాతో పుట్టు సంబంధం ఉన్నది క్లోరోడైన్. జాన్ కొలిస్ బ్రౌన్ అనే సైనిక వైద్యుడు ఇక్కడి పటాలంలో పనిచేస్తూ 1848 ప్రాంతంలో కలరాకు దీన్ని కూర్చాడు. నల్లమందు సారం, క్లోరోఫాం, గంజాయి దీనిలో ముఖ్య దినుసులు. దగ్గు, విరేచనాలు, కడుపునొప్పి, నిద్రలేమి అన్నింటికీ చుక్కల లెక్కన వేసుకోమని సీసా మీద ఉండేది. నొప్పి తగ్గేది, పేగుల కదలిక మందగించి విరేచనం కట్టేది. కాబట్టి గుణం కళ్లముందే కనిపించేది. అలవాటుపడితే మానడం కష్టమన్న సంగతి చీటీ మీద ఉండేది కాదు. అనుకరణలు పుట్టుకొచ్చాయి. యోగం ఎవరిదన్న తగాదా 1864లో లండన్ కోర్టుకెక్కింది. తీర్పు బ్రౌన్ పేరుకు అనుకూలంగా వచ్చాక ఆ కేసు వార్తనే ప్రకటనగా వాడుకున్నారు.

1837లో లండన్‌లో వ్యాపారం మొదలుపెట్టిన థామస్ హాలోవే మాత్రలు, లేపనం ప్రపంచమంతా తిరిగాయి. భారతీయ భాషల్లో కూడా వాడుక పత్రాలు అచ్చు వేయించాడు. బీచమ్ మాత్రలు, ఈనో ఉప్పు, అమెరికా నుంచి పెర్రీ డేవిస్ పెయిన్‌కిల్లర్ అదే కోవలోవి. వుడ్‌వర్డ్స్ గ్రైప్ వాటర్ మాత్రం తెలుగు ఇళ్లలో మిగతావాటికంటే గట్టిగా పాతుకుంది. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ దీన్ని తయారుచేశాడు. పైన చెప్పిన ఫెన్స్ ప్రాంతంలో పిల్లల చలిజ్వరానికి వాడిన మందు దీనికి మూలం. సోపుజాతి విత్తుల నూనె, సోడా ఉప్పు, చక్కెర, కొంత ఆల్కహాలు తొలి యోగం. వాము నీళ్లకు, వసకొమ్ముకు అలవాటుపడిన తల్లులకు దాని వాసన, రుచి పరాయిగా తోచలేదు. తర్వాతి కాలంలో ఆల్కహాలు తీసేశారు.

మందుల కొట్టు, కాంపౌండరు

ఇంగ్లీషు మందుల దుకాణం ఇండియాలో కలకత్తాలో ముందు వచ్చింది. బాత్‌గేట్ కంపెనీ 1811లో, స్మిత్ స్టానిస్ట్రీట్ 1821లో మొదలయ్యాయి. మద్రాసులో డబ్ల్యు.ఇ. స్మిత్ కంపెనీ పేరున్న కెమిస్టు. ఇవి ప్రధానంగా దొరలకు, ఉద్యోగులకు మందులు అమ్మిన దుకాణాలు. 1835లో మద్రాసులో వైద్య పాఠశాల వెలిసి, క్రమంగా మెడికల్ కాలేజీ అయింది. అక్కడ తయారైన అపోతికరీలు, హాస్పిటల్ అసిస్టెంట్లు జిల్లాలకు వెళ్లారు.

రాజమండ్రి, కాకినాడ, ఏలూరు పురపాలక సంఘాలు 1866లో ఏర్పడ్డాయి. 1871 నాటి లోకల్ ఫండ్ చట్టం వచ్చాక తాలూకా కేంద్రాల్లోనూ డిస్పెన్సరీలు పెట్టడానికి డబ్బు దొరికింది. డెల్టా ప్రజలు ఇంగ్లీషు మందును విడిగా సీసాల్లో కాకుండా కలిపి ఇచ్చే మిక్చరుగా మొదట చూసింది ఇలాంటి డిస్పెన్సరీల కిటికీ దగ్గరే. మిషనరీలూ ఇందులో పాలుపంచుకున్నారు. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ లిడియా వోర్నర్ 1911లో రాజమండ్రిలో ఆసుపత్రి నెలకొల్పారు. ఆసుపత్రిలో మందులు కలపడం నేర్చుకున్న కాంపౌండర్లు, ఎల్.ఎం.పి. చదివిన డాక్టర్లు బయటికి వచ్చి సొంతంగా పెట్టుకున్నవే వీధుల్లో తొలి మందుల కొట్లు. చాలాచోట్ల డాక్టరు గది ముందు, కాంపౌండరు బల్ల వెనక, రెండింటికీ నడుమ ఒక కర్టెను. డాక్టరు చీటీ గీకితే వెనక మందు తయారయ్యేది.

మిక్చరు తయారీ పద్ధతి దాదాపు దేశమంతటా ఒకటే. రోగి ఇంటి నుంచి కడిగిన ఖాళీ సీసా తెచ్చుకోవాలి. కాంపౌండరు ముందుగా పెద్ద జాడీల్లో నిలవ ఉంచిన గాఢ ద్రవాన్ని గాజు కొలపాత్రలో ఔన్సుల లెక్కన కొలుస్తాడు. అరవై మినిములు ఒక డ్రాము, ఎనిమిది డ్రాములు ఒక ఔన్సు. చేదు మందు అయితే రంగు, తీపి కలుపుతాడు, నీళ్లు పోసి నింపుతాడు. తెల్లకాగితం పట్టీని మధ్యకు మడిచి కత్తెరతో అంచున గంట్లు పెట్టి, విప్పి, జిగురుతో సీసా పక్కన అంటిస్తాడు. పైనుంచి కింద దాకా వరసగా కనిపించే ఆ గంట్లే మోతాదులు. పూటకు ఒక గంటు తాగాలి. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే ఈ కాగితం పట్టీ ఉన్నంత మేలైన వాడుక పత్రం ఏ పేటెంటు సీసాకూ లేదు. ఇంటికి వెళ్లాక సీసా బాగా కదిపి తాగాలని కాంపౌండరు మరీ మరీ చెప్పేవాడు. అడుగున పేరుకున్న మందు చివరి మోతాదులో ఒక్కసారిగా పోకూడదు. క్వినైన్ మిక్చరు చేదు, జీర్ణానికి ఇచ్చేది ఎరుపు. మందు పనిచేయదని విసుక్కునేవాళ్లు రంగునీళ్లని వెక్కిరించేవాళ్లు.

పొడులకు పొట్లాలు, మాత్రలకు చిన్న యంత్రం లేదా అరచేయి. చీటీ మీద రాసిన గ్రెయిన్లను ఇత్తడి తాసులో తూచడంలో పొరపాటు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. విషపదార్థాల సీసాలు తడిమితే తెలిసేలా గరుకు గీతలతో, నీలం లేదా ఆకుపచ్చ గాజుతో ఉండేవి. చీకట్లో చేయి వేసినా తేడా తెలియాలని. ఇంత నేర్పు కావలసిన పనికి 1948 ఫార్మసీ చట్టం దాకా దేశమంతటికీ వర్తించే అర్హత నిబంధన లేదు.

కొట్టు ముందు అరల్లో మాత్రం వేరే లోకం. అక్కడ గ్రైప్ వాటర్, క్లోరోడైన్, బామ్, పళ్లపొడి, జుట్టు నూనె, బలం మందు బారుగా నిలబడేవి. కాంపౌండరు నేర్పుకు పెద్ద లాభం లేదు, ముందు అరల్లోని సీసాకు ఉంది. కొట్టును నిలబెట్టింది ఆ అరలే.

తెలుగువారి మందులు

తెలుగువారి మందుల్లో మొదటి పేరు అమృతాంజనం. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, కొంతకాలం కలకత్తాలో మందుల వ్యాపారం మెళకువలు నేర్చి, బొంబాయిలో ఒక యూరోపియన్ కంపెనీలో పనిచేశారు. 1893లో అక్కడే అమృతాంజనం ప్రారంభించారు. కర్పూరం, మెంథాల్, సుగంధ తైలాల వంటివి కలిసిన పసుపుపచ్చని లేపనం అది. రాయగానే చల్లబడుతుంది, వెంటనే వేడెక్కుతుంది, వాసన ముక్కుకెక్కుతుంది. అంటే మందు పనిచేస్తోందని రోగికి అప్పటికప్పుడే తెలుస్తుంది. మింగేది కాదు కనుక ఆచారపరులకూ అభ్యంతరం లేదు. మొదట్లో సంగీత సభల్లో ఉచితంగా పంచి అలవాటు చేశారని చెప్తారు.

ఆ లాభాలతో 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టారు. 1914లో మద్రాసులో అది దినపత్రికైంది. 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. దేశోద్ధారక అన్న బిరుదుతో ఆయన 1938లో మరణించేనాటికి అమృతాంజనం లిమిటెడ్ కంపెనీ ఏర్పడి రెండేళ్లయింది. హాలోవే కూడా మాత్రల సొమ్ముతో లండన్ దగ్గర ఆడపిల్లల కాలేజీ కట్టించాడు, 1886లో అది ప్రారంభమైంది. అయితే హాలోవేకు కాలేజీ వ్యాపారం ముగింపులో వచ్చిన దానం. నాగేశ్వరరావుకు పత్రిక వ్యాపారంతో కలిసి నడిచిన పని. పత్రిక వెళ్లిన ప్రతి ఊరికీ మందు పేరు వెళ్లింది, మందు తెచ్చిన డబ్బు పత్రికను నిలబెట్టింది.

ఒంగోలు ప్రాంతపు ఇనమనమెళ్లూరులో 1875లో పుట్టిన కోట నరసింహం, కె.ఎన్. కేసరిగా పేరుపొందారు. చిన్నతనంలో పేదరికంతో మద్రాసు చేరి, ఆయుర్వేదం నేర్చి, కేసరి కుటీరం స్థాపించారు. ఆయన లోధ్ర స్త్రీల గర్భాశయ వ్యాధులకు మందు. లొద్దుగ చెక్క ఆయుర్వేదంలో ఆ వ్యాధులకు పాత దినుసే. పాత యోగాన్ని కొత్త సీసాలో పెట్టి తపాలాలో పంపడం ఆయన చేసిన కొత్త పని. 1928లో స్త్రీల కోసం గృహలక్ష్మి పత్రిక పెట్టారు. రచయిత్రులకు గృహలక్ష్మి స్వర్ణకంకణం ఇచ్చారు. మద్రాసులో తెలుగు పిల్లల కోసం బడి నెలకొల్పారు. చిన్ననాటి ముచ్చట్లు పేరుతో స్వీయచరిత్ర రాశారు. పండిత దీవి గోపాలాచార్యులు మద్రాసులో ఆయుర్వేదాశ్రమం నడిపి, ప్లేగు కాలంలో తన మందులతో పేరు తెచ్చుకున్నారు.

గోదావరి జిల్లాల బిడ్డల్లో ఆచంట లక్ష్మీపతిది ప్రత్యేక స్థానం. 1880లో పశ్చిమ గోదావరి మాధవరంలో పుట్టి, మద్రాసులో పాశ్చాత్య వైద్యం చదివి, ఆయుర్వేదం వైపు తిరిగారు. మద్రాసులో ఆయుర్వేద కళాశాల, ఆంధ్ర ఆయుర్వేద ఫార్మసీ నడిపారు. మందును రహస్యంగా అమ్ముకోవడం కన్నా శాస్త్రంగా నేర్పడం మీద ఆయన శ్రద్ధ. దేశీయ వైద్యాల పరిశీలనకు 1921లో మద్రాసు ప్రభుత్వం నియమించిన ఉస్మాన్ కమిటీ 1923లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా 1925లో మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల వచ్చింది.

డెల్టా నేల మీదే నిలదొక్కుకున్న తయారీ కేంద్రం చింతలూరు. ఆలమూరు దగ్గరున్న ఈ చిన్న ఊళ్లో ద్విభాష్యం వెంకటేశ్వర్లు స్థాపించిన వేంకటేశ్వర ఆయుర్వేద నిలయం లేహ్యాలు, అరిష్టాలు, తైలాలు తెలుగు జిల్లాలంతటికీ పంపింది. చింతలూరు మందులు అంటే జనానికి ఒక గురి. ఊరి పేరే ముద్ర అయింది. పచారీ కొట్టు దినుసు, వైద్యుడి యోగం, సీసా మీద చీటీ ఈ మూడూ ఇక్కడ ఒక కప్పు కిందికి చేరాయి. హైదరాబాదులో 1920లో మొదలైన జిందా తిలిస్మాత్ యునానీ వైపు నుంచి వచ్చి కోస్తా పచారీ కొట్ల దాకా చేరింది.

ప్రకటనలు

పేటెంటు మందు పెట్టుబడిలో పెద్ద వాటా ప్రకటనది. తెలుగులో పత్రికలు, పంచాంగాలు, క్యాలెండర్లు, గోడల మీద రాతలు దీనికి వేదికలు. 1910 నుంచి వెలువడిన ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు సాహిత్యానికి ఎంత పేరు తెచ్చుకున్నాయో మందుల ప్రకటనలకూ అంత చోటిచ్చాయి. చదువు రానివాళ్లు కొట్టులో బొమ్మ చూపించి అడిగేవాళ్లు కనుక బొమ్మ ముఖ్యం. నకిలీలను నమ్మవద్దు, మా ముద్ర చూసి కొనండి అన్న హెచ్చరిక దాదాపు ప్రతి ప్రకటనలోనూ ఉండేది. పథ్యం అక్కర్లేదు అన్న హామీ మరీ ఆకర్షణ. పులుపు, వంకాయ, గుమ్మడికాయ మాన్పించే వైద్యుడితో విసిగిన రోగికి అది పెద్ద ఊరట.

1905 తర్వాత వందేమాతరం ఉద్యమం, 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి పర్యటన డెల్టాలో స్వదేశీ గాలి రేపాయి. సబ్బు, బట్ట, అగ్గిపెట్టెలాగే మందూ స్వదేశీ అయింది. బామ్ డబ్బా కొనడం దేశసేవ అనిపించుకుంది. ఇంగ్లీషు మందు వేడి చేస్తుందన్న జనాభిప్రాయం కూడా దీనికి తోడైంది.

విమర్శ, చట్టం

ఇంగ్లండులో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 1909లో పేటెంటు మందులను రసాయనికంగా పరీక్షించి ఫలితాలు పుస్తకంగా అచ్చువేసింది. ఒక షిల్లింగు పైచిలుకుకు అమ్మే బీచమ్ మాత్రల పెట్టెలో 56 మాత్రల దినుసుల ఖర్చు అర ఫార్తింగు అని తేలింది. ముసాంబరం, అల్లం, సబ్బు, అంతే. అమెరికాలో 1906 చట్టం నల్లమందు, ఆల్కహాలు వంటివి ఉంటే చీటీ మీద రాయాలంది.

మన దేశంలో ఆ మాట ఆలస్యంగా వచ్చింది. 1878 నల్లమందు చట్టం, 1919 విషాల చట్టం, 1930 ప్రమాదకర మందుల చట్టం కొన్ని పదార్థాలను కట్టడి చేశాయి. 1930లో కర్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన వేసిన విచారణ సంఘం దేశమంతా తిరిగి కల్తీ మందులు, బలం తక్కువ క్వినైన్, నిబంధన లేని దుకాణాలు ఎంత విరివిగా ఉన్నాయో బయటపెట్టింది. ఆ నివేదిక ఆధారంగా 1940 డ్రగ్స్ చట్టం, 1948 ఫార్మసీ చట్టం వచ్చాయి. 1954లో వచ్చిన మంత్రపు మందుల, అభ్యంతరకర ప్రకటనల చట్టం కొన్ని జబ్బులను నయం చేస్తామని ప్రకటించడం నేరం చేసింది. 1955 నాటి ఎక్సైజు చట్టం ఆల్కహాలు కలిసిన మందుల మీద సుంకం వేసింది. మద్యనిషేధం ఉన్న రోజుల్లో కొన్ని టింక్చర్లు, అరిష్టాలు దాహం తీర్చుకోవడానికి కొనేవాళ్లున్నారన్నది అందరికీ తెలిసిన సంగతే.

చట్టం వచ్చాక మిక్చరు పోయింది. కంపెనీలో తయారైన మాత్ర, సిరప్ వచ్చాయి. కాంపౌండరు చేతిలోని తాసు, కొలపాత్ర అవసరం తప్పి, కొట్టు పూర్తిగా ముందు అరల వ్యాపారమైంది. ఒకప్పుడు పేటెంటు మందుకు మాత్రమే ఉన్న లక్షణాలు, అంటే కట్టిన సీసా, కంపెనీ పేరు, నిర్ణీత ధర, ఇప్పుడు డాక్టరు రాసే మందుకూ వచ్చాయి.

డెల్టా నుంచి ప్రపంచానికి

1895లో భీమవరంలో పుట్టి రాజమండ్రిలో కొంతకాలం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య ముగించాక లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. స్ప్రూ అనే పేగుల వ్యాధితో తీసుకున్నప్పుడు లక్ష్మీపతి చికిత్సతోనే కోలుకున్నారు. తర్వాత అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపిన పరిశోధన నుంచి 1947లో హెట్రజాన్ అనే మందు వచ్చింది. డెల్టాను తరాలుగా పీడించిన బోదకాలు క్రిమి మీద పనిచేసే మందు అది. దాని యోగం రహస్యం కాదు. రసాయన సూత్రం, మోతాదు, ప్రయోగ ఫలితం అన్నీ పత్రికల్లో అచ్చయ్యాయి. డైఇథైల్ కార్బమజిన్ పేరుతో ఇప్పటికీ ప్రభుత్వం బోదకాలు నివారణకు ఊళ్లలో పంచుతున్న మాత్ర ఇదే.

నేటి స్థితి

పేటెంటు మందు అన్న మాట వాడుకలో పాతబడినా చట్టంలో ఇంకా బతికే ఉంది. 1940 చట్టం ఇప్పటికీ పేటెంటు లేదా ప్రొప్రైటరీ మందు అన్న నిర్వచనం పెట్టుకుంది. బామ్ డబ్బా మీద, లేహ్యం డబ్బా మీద ఆయుర్వేద ప్రొప్రైటరీ మెడిసిన్ అని చిన్న అక్షరాల్లో కనిపించేది దాని వల్లే. శాస్త్రగ్రంథంలో ఉన్న యోగాన్ని ఉన్నట్టు చేస్తే ఆ పేరుతోనే అమ్మాలి, దినుసులు గ్రంథంలోవే అయినా కలిపిన తీరు తయారీదారు సొంతమైతే అది ప్రొప్రైటరీ. అంటే పాత రహస్య యోగానికి చట్టం ఒప్పుకున్న రూపం ఇది. రహస్యం మాత్రం పోయింది, ఎంత మోతాదులో ఏముందో డబ్బా మీద రాసి తీరాలి.

రాజమండ్రి, కాకినాడ, భీమవరం వీధుల్లో ఈనాటి మెడికల్ షాపుకు రిజిస్టర్డు ఫార్మసిస్టు, లైసెన్సు తప్పనిసరి. అయినా చీటీ లేకుండా తలనొప్పికో జలుబుకో పేరు చెప్పి మందు అడిగేవాళ్లు ఉన్నారు. హస్తవాసి నుంచి ముద్రకు మళ్లిన నమ్మకం తిరిగి వెనక్కి పోలేదు. అందుకే ఆ ముద్ర కింద ఏముందో చదవడం కొనేవాడి బాధ్యత, చదవగలిగేలా రాయించడం చట్టం బాధ్యత.